క్రొత్త కారు కొనుటకు ముందు

మూలవాక్యభాగము: లూకా సువార్త 14వ అధ్యాయము, 28 మొదలు 30 వచనముల వరకు.



మన ప్రభువు తన వెంట వచ్చుచున్న గొప్ప జనసమూహమునకు ఒక మనుష్యుని గూర్చి చెప్పెను. ఆ మనుష్యుడు గోపురము కట్టబూనెను. పునాది వేసెను. అంతటితో చేతిలోని సొమ్ము అయిపోయెను. గోడలు లేవలేదు; కప్పు పడలేదు. దారిన పోవువారందరు ఆ పునాదిని చూచి అతని మీద నవ్విరి.

అతని దోషమేమి? గోపురము కోరుట దోషము కాదు. కట్టుటకు బూనుట దోషము కాదు. మొదట కూర్చుండి ఖర్చు లెక్కింపకపోవుటయే దోషము. ప్రభువు ఇచ్చట "కూర్చుండుట" అను చిన్న మాటను ఊరక చెప్పలేదు. నడుచుచు ఆశపడువాడు వేరు, కూర్చుండి ఆలోచించువాడు వేరు. ఆశకు కాళ్లు ఉండును. వివేకమునకు ఆసనము కావలెను.

ఈ మాటలు ప్రభువు ముఖ్యముగా తన శిష్యులగువారిని గూర్చి చెప్పెను. ఆయనను వెంబడించుటకు ఏమి విడువవలసియుండునో ముందే ఎరుగవలెనని ఆయన కోరెను. అయితే ఆ గొప్ప సంగతిని బోధించుటకు ఆయన ఇంటి లెక్కను దృష్టాంతముగా తీసికొనెను. ఇంటి లెక్క దేవుని యెదుట అల్పమైన సంగతియైన యెడల ఆయన దానిని నోట పలికియుండడు. కాబట్టి ఈ మాసము మన సంఘములలో అనేక కుటుంబములను కదిలించుచున్న ఒక ఇంటి లెక్కను ఈ వాక్యపు వెలుగులో చూతము. అది క్రొత్త కారు కొనవలెనా, మానవలెనా అను ప్రశ్న.

మన తాతల కాలములో ఈ ప్రశ్న లేదు. ఊరికి ఒక కారు వచ్చిన పిల్లలందరు దాని వెంట పరుగెత్తెడివారు. ఆనాటి అంబాసిడర్ కారు 1950ల చివర తయారగుట మొదలై 2014వ సంవత్సరము మే నెలలో ఆగిపోయెను. ఇంత దీర్ఘకాలము దాని ఆకారము పెద్దగా మారనేలేదు. తండ్రి ఎక్కిన కారునే కుమారుడు ఎక్కెను. నేడట్లు కాదు. ఐదారేండ్లకు ఒకమారు ప్రతి కారును మరల గీసి, మరల మలచి, క్రొత్త మోడలని సంతకు తెచ్చుచున్నారు. మన రాయలసీమలో పెనుకొండ దగ్గరనే 2019 మొదలు కియా కంపెనీ కార్లు తయారగుచున్నవి. కాబట్టి కారు మనకు దూరదేశపు వస్తువు కాదు. మన గుమ్మము ముందటి సంగతి.

మాటకు ఒక కుటుంబమును తలంచుకొందము. నాలుగెకరముల చేను. అందులో రెండెకరములు మిర్చి. కుమారునికి హైదరాబాదులో ఉద్యోగము. కుమార్తె చదువు ముగియవచ్చినది. ముసలితల్లికి మోకాళ్ల నొప్పులు. ఇంటిలో ఒక మోటారు సైకిలు ఉన్నది. కుమారుడు పండుగకు వచ్చి, "నాన్నా, వెర్నా కారు మొత్తం మార్చి తెచ్చారు. కొంటే అదే కొనాలి. కంతులు నేను కడతాలే" అనుచున్నాడు. తల్లి, "నీ చెల్లెలి పెండ్లి ఇంకా కాలేదురా" అనుచున్నది. తండ్రి ఏమియు పలుకక చుట్ట వెలిగించుచున్నాడు. ఇట్టి ఇండ్లు మన సంఘములలో కొదువ లేదు. ఈ ముగ్గురిలో ఎవరును దుర్మార్గులు కారు. కుమారునికి ప్రేమ యున్నది, తల్లికి చింత యున్నది, తండ్రికి లెక్క తెలియక మౌనమున్నది. ఈ ముగ్గురును కూర్చుండవలసిన చాపను మనము పరతము.

మొదటి సంగతి: క్రొత్తదనమును పరీక్షించుడి.

ఏథెన్సు పట్టణస్థులను గూర్చి అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయము 21వ వచనములో ఒక మాట యున్నది. ఏదైన క్రొత్త సంగతి చెప్పుటకును వినుటకును తప్ప వారికి మరి దేనికిని తీరిక లేకపోయెనట. ఆ రోగము ఏథెన్సులో ఆగిపోలేదు. సెల్‌ఫోనులో దిగివచ్చి మన చావడిలో కూర్చున్నది.

క్రొత్త మోడలు అను పేరు క్రింద రెండు విధములైన కార్లు వచ్చును. ఒకటి ముఖము మాత్రము మార్చిన కారు. ముందటి దీపములు, జాలి, లోపలి బట్ట, ఒక పెద్ద తెర మారును, ఎముకలు పాతవే. రెండవది ఎముకల మొదలు మార్చిన కారు. 2023 మార్చిలో వచ్చిన వెర్నా రెండవ విధమునకు చెందినది. 2017లో వచ్చిన దానికంటె ఇది 95 మిల్లీమీటర్లు పొడవు, చక్రముల నడిమి దూరము 70 మిల్లీమీటర్లు ఎక్కువ. సామానుల అర 480 లీటర్ల నుండి 528 లీటర్లకు పెరిగెను. డీజిలు ఇంజను తీసివేసిరి. పెట్రోలు ఇంజనులు మాత్రమే ఉంచిరి. ఆరు గాలిసంచులను అన్ని రకములలోను పెట్టిరి.

ఇప్పుడు ఈ మార్పులను ఒక్కొక్కటిగా మీ ఇంటికి తెచ్చి అడుగుడి: ఇది మాకు పనికివచ్చునా? డీజిలు తీసివేయుట నెలకు రెండు వేల కిలోమీటర్లు తిరుగువానికి లోటు; ఆదివారమును ఆసుపత్రిని మాత్రమే చూచువానికి లోటు కాదు. పొడవు పెరుగుట హైదరాబాదు రోడ్డు మీద సుఖము. మన సందులో ఎట్లుండును? ఆ కారు పొడవు 4,535 మిల్లీమీటర్లు, అనగా దాదాపు పద్నాలుగు అడుగుల పది అంగుళములు. వెడల్పు అద్దములు గాక ఐదు అడుగుల తొమ్మిది అంగుళములకు పైమాట. ఒక తాడు తీసికొని మీ వాకిటిని, సందు మలుపును కొలువుడి. ఎదురుగా ట్రాక్టరు వచ్చినప్పుడు ఎవరు వెనుకకు పోవలెనో చూచుకొనుడి. ముసలితల్లిని షోరూమునకు తీసికొనిపోయి ఆ సీటులో కూర్చుండబెట్టి లేవనెత్తి చూడుడి. ఇట్టి కార్లలో సీటు క్రిందికుండును. మోకాళ్ల నొప్పులున్న తల్లి లేవలేకపోయిన యెడల, ఆమె కొరకని కొనిన కారు ఆమెకు పనికిరాదు.

క్రొత్త మోడలు వచ్చిన వారములోనే కొనవలెనను తొందరయు అక్కరలేదు. ఎంత మంచి కర్మాగారములోనైనను మొదట వచ్చిన కార్లలో చిన్న లోపములు కనబడుటయు, తరువాత దిద్దుటయు లోకమంతట జరుగుచున్నదే. ఆరు మాసములు ఆగినవాడు ఇతరుల అనుభవమును ఉచితముగా పొందును. మరియొక సంగతి. 2020 జూలైలో హోండా సిటీ ఐదవ తరపు కారు వచ్చినప్పుడు నాలుగవ తరపు కారును కూడ తక్కువ ధరకు కొన్నాళ్లు అమ్ముచుండిరి. క్రొత్తది వచ్చినంత మాత్రమున పాతది చెడిపోదు. నిన్న మీరు మెచ్చుకొనిన కారు నేడు చెడ్డదై కనబడిన యెడల, మారినది కారు కాదు, మీ కన్ను.

రెండవ సంగతి: వెలను కాదు, ఖర్చును లెక్కింపుడి.

పునాదికి సొమ్మున్నవాడు గోపురమునకు సొమ్మున్నవాడు కాడు. కారు విషయములో షోరూము వెల పునాది మాత్రమే. ఆ వెర్నా 2023లో వచ్చినప్పుడు అన్నిటికంటె తక్కువ రకము షోరూము వెల 10 లక్షల 90 వేలు. దానిపైన జీవిత పన్ను, రిజిస్ట్రేషను, భీమా చేరును. ఈ తరగతి కారుకు జీవిత పన్ను ఒక్కటియే లక్షకు మించును. భీమాలో ఎదుటివారి నష్టమునకు సంబంధించిన భాగమును క్రొత్త కారుకు మూడేండ్లకు ఒక్కసారే కట్టవలెనని 2018 సెప్టెంబరు మొదలు నియమమున్నది. మన కారుకు కలుగు నష్టపు భాగమును ఏటేట కట్టుకొనుచుండవలెను.

పన్నును గూర్చి ఇంకొక మాట. 2025 సెప్టెంబరు 22 నుండి జి.యస్.టి. మార్చిరి. నాలుగు మీటర్లకు మించకుండ, పెట్రోలు ఇంజను 1,200 సి.సి.లకు మించకుండ ఉన్న చిన్న కార్ల మీద నూటికి 18 వంతులు. అంతకు పెద్దవాటి మీద నూటికి 40 వంతులు. పెద్దవాటి మీద మునుపు సెస్సుతో కలిపి నూటికి 45 గాని అంతకు మించి గాని ఉండెను గనుక, "పన్ను తగ్గింది, ఇప్పుడే కొనండి" అని అమ్మువారు చెప్పుట అబద్ధము కాదు. గాని చిన్న కారు పన్ను ఇంకా ఎక్కువ తగ్గినదని వారు అదే ఊపిరిలో చెప్పకపోవచ్చును. తగ్గింపు చూచి కొనువాడు మిగిలినదెంతో చూడడు.

ఇప్పుడు కంతుల సంగతి. పది లక్షలు అప్పు, సంవత్సరమునకు నూటికి తొమ్మిది వడ్డీ, ఏడేండ్ల గడువు అనుకొందము. నెలకు కంతు సుమారు 16,090 రూపాయలు. ఏడేండ్లకు కట్టునది సుమారు 13 లక్షల 51 వేలు. అనగా వడ్డీ మూడున్నర లక్షలు. గడువు ఐదేండ్లైన కంతు సుమారు 20,760. వడ్డీ రెండు లక్షల నలుబది ఐదు వేలు. కంతు చిన్నదైనకొలది వడ్డీ పెద్దదగును. "నెలకు ఎంతైతే మీకు వీలు?" అని అడుగువాడు మీకు మేలు చేయుచున్నట్లు కనబడును, మొత్తము ఎంతయని మీరు అడుగుడి.

కంతుకు తోడు పెట్రోలు. లీటరుకు పదునైదు కిలోమీటర్లు వచ్చి, లీటరు 110 రూపాయలైన, నెలకు వెయ్యి కిలోమీటర్లకు ఏడు వేల మూడు వందలు. భీమా సంవత్సరమునకు నలుబది వేలనుకొనిన నెలకు మూడు వేల మూడు వందలు. సర్వీసు, టైర్లు మొదలైన వాటికి నెలకు రెండు వేలు ప్రక్కన పెట్టవలెను. అన్నియు కూడిన నెలకు ఇరువది ఎనిమిది వేల ఏడు వందలు. ఈ అంకెలు మాటకు చెప్పినవి. మీ బ్యాంకు వడ్డీ, మీ ఊరి పెట్రోలు ధర వేసికొని మీరే మరల కూడుడి. కూడుట కష్టమైన పిల్లలచేత కూడించుడి. కాగితము మీద పెట్టినప్పుడు ఆశ కొంచెము చల్లబడును, నిజమైన అవసరము మాత్రము నిలుచును.

ఇంకొక లెక్క వేయుడి. మీకు నెలకు నిజముగా ఎన్నిసార్లు కారు కావలసివచ్చుచున్నది? నాలుగుసార్లేనా? ఆ నాలుగుసార్లు బాడుగకు కారు మాటలాడుకొనిన ఎంతగును? మన ప్రభువు యెరూషలేములో ప్రవేశించిన దినమున స్వంత వాహనము మీద రాలేదు; ఒకరి గాడిదపిల్లను అడిగి తెప్పించుకొని దాని మీద వచ్చెను. బాడుగ కారులో గుడికి వచ్చుట సిగ్గు కాదు.

మూడవ సంగతి: అప్పుకు యజమానుని గుర్తుపట్టుడి.

అప్పు తీసికొనినవాడు అప్పిచ్చినవానికి దాసుడగునని సామెతల గ్రంథము 22వ అధ్యాయము 7వ వచనములో జ్ఞాని హెచ్చరించుచున్నాడు. అప్పు తీరువరకు కారు ఆర్.సి. కాగితములో బ్యాంకు పేరును ఉండును. అనగా మీ వాకిట నిలిచిన కారులో మీకు తోడు మరియొక హక్కుదారుడున్నాడు. అప్పు తీరిన పిమ్మట బ్యాంకు నుండి కాగితము తెచ్చి ఆ పేరు కొట్టివేయించుకొనువరకు అతడు దిగడు.

జీతగానికి నెల జీతము వచ్చును, నెల కంతు పోవును. రైతు సంగతి అట్లు కాదు. అతనికి సొమ్ము పంటతో వచ్చును. కంతు మాత్రము తిథి తప్పక నెల నెల వచ్చును. వాన ఆలస్యమాయెనని బ్యాంకుకు చెప్పలేము. 2025 ఫిబ్రవరి జ్ఞాపకమున్నదా? మిర్చి ధర పడిపోగా కేంద్ర ప్రభుత్వము ఆంధ్ర రైతుల నిమిత్తము క్వింటాలుకు 11,781 రూపాయల చొప్పున మార్కెట్ జోక్య పథకము ప్రకటింపవలసి వచ్చెను. అంతకు ముందటి మంచి ధరను చూచి కంతులకు చేవ్రాలు చేసినవాని గతి ఏమి? మంచి సంవత్సరమును చూచి అప్పు చేయకుడి. చెడ్డ సంవత్సరమును మనస్సున పెట్టుకొని లెక్క వేయుడి. ఐగుప్తులో యోసేపు చేసినది ఇదే. సమృద్ధి సంవత్సరములలో అతడు రథములు పెంచుమని ఫరోకు చెప్పలేదు, గాదెలు నింపుమని చెప్పెను.

"కంతులు నేను కడతాలే" అను కుమారుని మాట ప్రేమగలదే. అయినను అతనిని కూర్చుండబెట్టి అడుగుడి: "నాయనా, ఉద్యోగం ఆరు నెలలు లేకపోతే ఎట్లా?" ఇందుకు జవాబు అతని చేతిలో దాచిన సొమ్మైన మంచిది. జవాబు చేనైన, తల్లి మెడలోని బంగారమైన, అప్పుడు కారు ఇంకను మన ఇంటికి రాదగిన కాలము కాలేదు. చేను తరతరములకు అన్నము పెట్టును. కారు షోరూము గడప దాటిన దినము మొదలు వెల తగ్గుచునే యుండును. అన్నము పెట్టుదానిని తరిగిపోవుదాని కొరకు తాకట్టు పెట్టుట నాబోతు రాజు కోరగా పితరుల స్వాస్థ్యము విడువనన్న దేశములో పుట్టిన వాక్యమునకు తగదు. నాబోతు ప్రాణము పోయినను చేను విడువలేదు. మనము దీపముల ఆకారము మారినదని విడుతుమా?

నాలుగవ సంగతి: పిట్టగోడను మరువకుడి.

ఇంతవరకు చెప్పినది విని కారే పాపమని తలంపకుడి. కొనుటకు న్యాయమైన కారణములు కలవు. అందులో ఒకటి ప్రాణరక్షణ. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనములో, క్రొత్త ఇల్లు కట్టువాడు మిద్దె మీద పిట్టగోడ కట్టవలెననియు, లేనియెడల ఎవడైన పడి చచ్చిన ఆ రక్తము ఆ ఇంటి మీద ఉండుననియు దేవుడు ఆజ్ఞాపించెను. ఎంత శ్రద్ధగల దేవుడు! మిద్దె అంచును కూడ ఆయన చూచుచున్నాడు. నలుగురు మోటారు సైకిలు మీద, చంటిబిడ్డను ముందు కూర్చుండబెట్టుకొని రాత్రివేళ పెద్ద రోడ్డు మీద పోవుచున్న కుటుంబమును చూచినప్పుడెల్ల ఈ పిట్టగోడ జ్ఞాపకము రావలెను. అట్టి కుటుంబమునకు స్తోమత యున్న యెడల ఒక కారు కొనుట ఆడంబరము కాదు, విధేయత.

కాబట్టి కారు చూచునప్పుడు రంగుకంటె ముందు పిట్టగోడను చూడుడి. కార్లను గోడకు గుద్దించి పరీక్షించి నక్షత్రములిచ్చు సంస్థలు కలవు. గ్లోబల్ ఎన్‌క్యాప్ అను సంస్థ ఆ క్రొత్త వెర్నాకు 2023 అక్టోబరులో పెద్దల రక్షణకును పిల్లల రక్షణకును ఐదేసి నక్షత్రములిచ్చెను. మన దేశపు భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలు 2023 అక్టోబరు 1న మొదలాయెను. మీరు చూచుచున్న కారుకు, మీరు కొనబోవు ఏటి తయారుకు నక్షత్రములెన్ని అని అడుగుడి. మునుపటి మోడలుకు వచ్చినవి క్రొత్తదానికి చెల్లవు; క్రొత్తదానికి వచ్చినవి పాతదానికి చెల్లవు. క్రొత్త మోడలు కొనుటకు బలమైన కారణమేదైన ఉన్న యెడల అది ఇదే. ముఖము మారినందుకు కాదు, గోడ బలపడినందుకు.

అయితే ఐదు నక్షత్రములున్న కారులో బెల్టు పెట్టుకొననివాడు పిట్టగోడ ఎక్కి కూర్చున్నవానితో సమానుడు. వెనుక సీటువారును పెట్టుకొనవలెను. ఎదుట అడ్డము వచ్చినప్పుడు తనంతట తానే బ్రేకు వేయు యంత్రములు పై రకములలో వచ్చుచున్నవి. అవి మంచివే గాని, మసక చీకటిలో గేదెల మంద నడుమ డ్రైవరు కన్నులకు బదులు కాజాలవు. వాటిని చూచి రెండు లక్షలు ఎక్కువ పెట్టుటకంటె, మన కుమారుడు నెమ్మదిగా నడుపుట నేర్చుకొనుట మేలు.

ఐదవ సంగతి: కారు ఎవరి కొరకో తేల్చుకొనుడి.

లేఖనములలో ఇద్దరి వాహనములు ఎదురెదురుగా నిలుచుచున్నవి. రెండవ సమూయేలు 15వ అధ్యాయము మొదట అబ్షాలోము రథమును గుఱ్ఱములను సిద్ధపరచుకొని, తన ముందర పరుగెత్తుటకు ఏబదిమందిని ఉంచుకొనెను. అది పోవుటకు కాదు, కనబడుటకు. లూకా 10వ అధ్యాయములో సమరయుని పశువు ఉన్నది. దాని పేరు, రంగు మనకు తెలియదు. గాయపడినవానిని దానిమీద ఎక్కించి, తాను నడిచెనని మాత్రము గ్రహింపవచ్చును. ఒక వాహనము దాని యజమానునికి కీర్తి తేవలెనని కొనబడెను. మరియొక వాహనము యజమానుని దింపి అన్యుని మోసెను. మన కారు ఏ వరుసలో నిలుచును?

ఊరిలో కారున్న ఇంటి తలుపు అర్ధరాత్రి తట్టబడును. ప్రసవవేదన పడు స్త్రీ కొరకు, పాము కరచినవాని కొరకు అడుగుదురు. 108 బండి వచ్చులోగా ప్రాణము పోవు సమయములు కలవు. "సీట్లు పాడగును" అని చెప్పబోవువాడు ఆ కారు కొనకుండుటయే మేలు. రోడ్డు మీద గాయపడినవానిని ఆసుపత్రికి చేర్చిన పోలీసుల చిక్కు వచ్చునని భయపడువారు ఎక్కువమంది. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టమునందు 134ఎ అను సెక్షను అట్టి మేలు చేసినవారికి రక్షణ కల్పించినది. సమరయునికి చట్టము తోడు లేదు, మనకు ఉన్నది.

పెండ్లిండ్ల కాలమున మరియొక సంగతి చెప్పక తప్పదు. "మా వాడికి కొత్త మోడలు కారు పెట్టండి" అని పెండ్లికుమారునివారు అడుగుట మన విశ్వాసుల ఇండ్లలోనికి కూడ ప్రాకినది. కుమార్తె సుఖపడునని తండ్రి ఎకరము అమ్మును. అది కానుకయని పేరు పెట్టినను కట్నమే. 1961 నాటి వరకట్న నిషేధ చట్టము ఇచ్చినవారిని పుచ్చుకొనినవారిని ఇద్దరిని దోషులుగా ఎంచుచున్నది. మామగారి చేను మింగిన కారులో భార్యను ప్రక్కన కూర్చుండబెట్టుకొని గుడికి వచ్చి, దేవా నీకు స్తోత్రమని పాడు యౌవనుడా, ఆ చేను అరపు దేవుని చెవిని చేరుచున్నది. కారు కావలెనా? నీ కష్టార్జితముతో చిన్నది కొనుము. లేదా సైకిలు మీద రమ్ము. సంఘము నిన్ను లేచి గౌరవించును.

ప్రియులారా, ఇప్పుడు చాప మీద కూర్చున్న కుటుంబము నొద్దకు పోదము. ఆ ఇంటివారు చేయవలసినది ఇది. సాయంకాల ప్రార్థన ముగించుకొని, సెల్‌ఫోను ప్రక్కన పెట్టి, కాగితము ముందు పెట్టుకొని కూర్చుండవలెను. తల్లిని తీసివేసి తండ్రీకొడుకులు మాత్రమే తేల్చరాదు. ఇంటి కొరత మొదట తెలియునది ఆమెకే. మూడు మాసములు, కంతు ఎంతయో అంత సొమ్మును నిజముగా ప్రక్కన వేసి చూడవలెను. ఆ మూడు మాసములు ఎరువుకు, ఫీజుకు, మందుకు చేయి చాపక గడచిన యెడల ఆ ఇల్లు కారును మోయగలదు. గడవనియెడల కారు ఆ ఇంటిని మోయదు, ఇల్లే కారును మోయుచు కూలబడును. ప్రక్కన వేసిన సొమ్ము వ్యర్థము కాదు; కొనినయెడల మొదటి చెల్లింపునకు, కొననియెడల కుమార్తె పెండ్లికి అక్కరకు వచ్చును.

ఈ లెక్క ముగించి కొనినవారిని కొననివారు తీర్పు తీర్చకూడదు. కొననివారిని కొనినవారు చులకన చేయకూడదు. భోజనముల విషయమున పౌలు రోమా సంఘమునకు 14వ అధ్యాయములో నేర్పిన పాఠము వాహనములకును చెల్లును. సంఘములో కారు దిగువానికి ఒక బల్ల, బస్సు దిగువానికి ఒక చాప వేయు దినము మనకు రాకుండును గాక. నడిచివచ్చు విధవరాలిని ఆదివారము ఎక్కించుకొని వచ్చు కారు ఏ మోడలైనను ప్రభువు దృష్టికి క్రొత్తదే.

చివరి మాట. ప్రభువు గోపురపు కథను గోపురముతో ముగింపలేదు. ఆ అధ్యాయమునందే, తనకు కలిగినదంతయు విడువనివాడు తన శిష్యుడు కానేరడని చెప్పెను. ఒక కారు కొరకు పది రాత్రులు లెక్క వేయు మనము, నిత్యజీవము కొరకు ఎన్ని రాత్రులు కూర్చున్నాము? ఇంటి లెక్క సరిగా వేయ నేర్చినవాడు ఆత్మ లెక్కకు కూడ భయపడడు. విడువవలసినది ఏదియో, పట్టుకొనవలసినది ఏదియో అతనికి తెలియును. చేతిలో తాళము ఉన్నను లేకున్నను అతని హృదయము బంధింపబడదు.

మనకు అవసరమైనవి మనము అడుగకమునుపే ఎరిగిన పరలోకపు తండ్రి, కొనుటకు వివేకమును, ఆగుటకు ఓర్పును, ఉన్నదానితో తృప్తిని, ఉన్నదానిని పంచుకొను మనస్సును మీ ఇండ్లకు దయచేయును గాక. ఆమేన్.